నన్నెవరూ ఎత్తొద్దు

బందరులో మనిషిని ఎత్తడానికి అందరూ సిద్ధంగా ఉంటారు. చక్రాల కుర్చీలో ఒక ఆడమనిషి మెట్ల ముందు ఆగిందంటే చాలు, టీ తాగుతున్నవాడు గ్లాసు పక్కన పెట్టి వస్తాడు, ఆటో అతను ఇంజను ఆపి దిగుతాడు, ఎక్కడి నుంచో ఒక పెద్దాయన ఊడిపడి "నువ్వటు పట్టు, ముందు వైపు లేపండి, జాగ్రత్త" అని పెత్తనం తీసుకుంటాడు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. రెప్పపాటులో నేను గాల్లో ఉంటాను, ఒక చేత్తో చున్నీ, ఒక చేత్తో బ్యాగు పట్టుకుని. దించాక అందరూ నా వైపు చూసి నవ్వుతారు. నేనూ నవ్వాలి. నవ్వకపోతే పొగరు అంటారు.

ఆ నవ్వు నాకు నలభై ఏళ్ళ అలవాటు. రెండో ఏట పోలియో వచ్చి రెండు కాళ్ళూ పోయాయి. మా నాన్న గిలకలదిండి రేవులో పడవలకి ఐసు దిమ్మలు మోసేవాడు. పొద్దున్నే ఐసు ఎక్కించి వచ్చి, అదే భుజం మీద నన్ను బడికి తీసుకెళ్ళేవాడు. తడి గోనెసంచి వాసన, చేపల వాసన, చల్లటి భుజం. పదో తరగతి దాకా నా చదువు ఆ భుజం మీదే సాగింది. ఇంటర్లో చేరిన ఏడాది ఆయన నడుం పట్టేసింది. కాలేజీలో నా క్లాసు మేడ మీద. కిందికి మార్చమని నాన్న వెళ్ళి అడిగితే, "ఒక్క పిల్ల కోసం క్లాసు ఎలా మారుస్తామండీ, ఎవరినన్నా పెట్టి ఎత్తించండి" అన్నారు. రోజూ ఎత్తేవాళ్ళు దొరకలేదు. ఆ ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాను. తర్వాత ప్రైవేటుగా కట్టి ఇంటరూ, డిగ్రీ పాసయ్యాను గానీ కాలేజీ అన్నది ఎలా ఉంటుందో లోపలి నుంచి చూడలేదు. ఆ మేడకి పదిహేడు మెట్లు. లెక్క ఇప్పటికీ గుర్తుంది, కోపం కూడా.

అందుకే కొన్నేళ్ళ క్రితం, ప్రభుత్వ భవనాల్లోకి మాలాంటివాళ్ళు వెళ్ళగలరో లేదో చూసి రాయడానికి మనుషులు కావాలని ప్రకటన వస్తే ముందుగా పేరిచ్చింది నేనే. ముగ్గురం ఒక జట్టు. రెండో మనిషి గుడివాడలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆయనకి చూపు పూర్తిగా లేదు. చేతికర్రా, మీట నొక్కితే టైము చెప్పే గడియారం ఎప్పుడూ ఆయన వెంట ఉంటాయి. మూడో మనిషి ఇంజనీరుగారు, రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళున్నాయి. మంచి మనిషి, కాకపోతే మమ్మల్ని "దివ్యాంగులు" అని తప్ప అనరు. నా కాళ్ళలో దివ్యం ఎక్కడుందో నాకైతే ఇంతవరకు కనబడలేదు.

మాకొక వ్యాను, ఒక టేపు, ఒక్కో భవనానికి ఆరు పేజీల ఫారం. తలుపు వెడల్పు ఎంత, రెయిలింగు ఎత్తెంత, టాయిలెట్ ఎక్కడ, ఇలా బోలెడు ప్రశ్నలు. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరిది: "వికలాంగులు ఈ భవనంలోకి స్వతంత్రంగా చేరవచ్చునా?" పక్కన రెండు గడులు, అవును, కాదు. కింద ముగ్గురి సంతకాలు. కాదు అని ముగ్గురం సంతకం పెడితే ఆ భవనం మరమ్మతుల జాబితాలోకి వెళ్తుంది. అవును అని పెడితే ఇంక దాని మొహం ఎవరూ చూడరు.

ర్యాంపు లెక్క మాస్టారు మొదటి రోజే నేర్పారు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. అంతకన్నా పొట్టిగా ఉంటే కుర్చీ వెనక్కి జారుతుంది. "ఇంతే అమ్మాయ్, ఇందులో మిగతాదంతా మర్యాదలే," అన్నారు.

ఆ మర్యాదల దగ్గరే నేను బోల్తా పడ్డాను. మొదటి భవనం బందరులోనే. ఏ ఆఫీసో చెప్పను, అక్కడివాళ్ళు మంచివాళ్ళు. ముందు మూడు మెట్లు, పక్కన ర్యాంపు. ఆ ర్యాంపు మొదట్లోనే జానెడు ఎత్తు గట్టు కట్టారు. ఇదేమిటండీ అంటే, రోడ్డు మీది వాన నీళ్ళు ర్యాంపెక్కి లోపలికి రాకుండా అన్నారు.

"నీళ్ళు రావు సరే, కుర్చీ కూడా రాదు కదండీ," అన్నాను.

"అయ్యో, మేం లేమా మేడమ్," అంటూనే ఇద్దరు అటెండర్లూ, ఒక గుమాస్తా నన్ను కుర్చీతో సహా లేపి లోపల పెట్టేశారు.

మాకోసం కట్టిన టాయిలెట్ తలుపు తీస్తే పాత ఫైళ్ళు, విరిగిన బల్ల, పనిచెయ్యని కూలరు. "ఎవరూ రారండి, ఖాళీగా ఎందుకని సామాన్లు పెట్టుకున్నాం," అన్నాడు గుమాస్తా. రాలేక రావడం లేదని నోటిదాకా వచ్చింది. ఈలోగా టీ వచ్చింది, బిస్కట్లు వచ్చాయి. ఆఫీసరుగారు మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, మా ఇల్లెక్కడో, ఇంట్లో ఎవరెవరున్నారో ఎంతో ఆపేక్షగా అడిగారు. అంత మర్యాద చేసినవాళ్ళ ఎదురుగా కూర్చుని కాదు అని ఎలా రాయడం? మొహమాటపడ్డాను. అవును దగ్గర టిక్కు పెట్టి సంతకం చేసేశాను. ఇంజనీరుగారు కూడా చేసేశారు.

మాస్టారు మాత్రం చదివించుకోకుండా సంతకం పెట్టరు. వ్యానులో ఫారమంతా విని నా వైపు తిరిగారు.

"అవును అని పెట్టావా?"

"పెట్టాను మాస్టారూ."

"ఎలా ఎక్కావు?"

"వాళ్ళు ఎత్తారు."

"అయితే ఎక్కింది వాళ్ళమ్మాయ్. నువ్వు సామాను."

ఒళ్ళు మండిపోయింది. అంత ప్రేమగా చూసుకుంటే ఇదేం మాట మాస్టారూ అన్నాను. "ప్రేమ లేదని నేనన్నానా," అన్నారాయన. "రేపు ఆ ముగ్గురూ సెలవు పెడితే నీ పనేమిటి అంటున్నాను." ఇంటర్ మొదటి ఏడాది నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన ప్రశ్నే అది. ఎవరినన్నా పెట్టి ఎత్తించండి అన్నవాళ్ళని ఇన్నేళ్ళు తిట్టుకున్న నేనే, ఒక టీకి, రెండు బిస్కట్లకి వాళ్ళ పక్షాన సంతకం పెట్టి వచ్చాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

మర్నాడు ఒక్కదాన్నే ఆటోలో మళ్ళీ వెళ్ళాను. గట్టు దగ్గరే ఆగి, బయటికి వచ్చిన గుమాస్తా కళ్ళెదుటే అవును కొట్టేసి కాదు అని రాశాను. ఆయన మొహం మాడిపోయింది.

"అంత సాయం చేశాం కదండీ," అన్నాడు.

"చేశారండి. ఆ సాయం అవసరం పడిందనే రాస్తున్నాను."

ఆ రోజు టీ రాలేదు.

అప్పటి నుంచి నాకొక నియమం. వ్యాను దిగగానే, ఎవరూ కుర్చీ మీద చెయ్యి వెయ్యకముందే, అందరికీ వినబడేలా చెప్తాను: "నన్నెవరూ ఎత్తొద్దు. ఎత్తితే లెక్క తప్పుతుంది." మొదటి భాగానికి జనం నొచ్చుకుంటారు, రెండో భాగానికి కొంచెం సర్దుకుంటారు. కొందరు పొగరన్నారు. ఒక ఆఫీసరమ్మ పక్కకి తీసుకెళ్ళి "ఇంత పట్టుదల ఆడవాళ్ళకి మంచిది కాదమ్మా" అని బుద్ధి చెప్పింది. పట్టుదల లేని ఆడదాన్నైతే నేను గడప దాటి ఆవిడ దాకా వచ్చేదాన్నే కాదు.

గుడివాడలో ఒక ఆఫీసు సంగతి చెప్పాలి. ముందు అయిదు మెట్లు. నిజానికి ఆ ఎత్తుకి నాలుగు చాలు. కానీ మెట్లు సరిసంఖ్యలో ఉండకూడదని వాస్తు చెప్పిన పెద్దమనిషి పట్టుబట్టాడట. అప్పటికే నాలుగూ కట్టేశారు కాబట్టి అడుగున రెండంగుళాల మెట్టు ఒకటి అతికించి అయిదు చేశారు. రంగు కూడా నేల రంగే. కళ్ళున్నవాళ్ళకే కనబడదు. అది మాస్టారి కర్రకి తగల్లేదు, బొటనవేలికి తగిలింది. గోరు లేచి రక్తం కారింది. ఆయన ఆ మెట్టు మీదే కూర్చుని రుమాలుతో వేలు కట్టుకుంటూ, "వాళ్ళ వాస్తు నిలబడింది, నా వేలు కూర్చుంది, రాసుకో," అన్నారు.

ర్యాంపు ఎక్కడుందని అడిగితే భవనం వెనక్కి చూపించారు. ముందు కడదామంటే అది ఈశాన్యం మూలట, అక్కడ బరువు పెట్టకూడదట. అందుకని నైరుతికి మార్చారు. జనరేటరు దాటి, బురదలో చక్రాలు దిగబడుతూ అక్కడికి చేరితే, చెప్పకేం, ర్యాంపు ముచ్చటగా ఉంది. అంగుళానికి అడుగు లెక్క సరిగ్గా సరిపోయింది. రెయిలింగు ఉంది. పైన తలుపుకి తాళం కూడా ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది, వాచ్‌మన్ గుడ్లవల్లేరులో పెళ్ళికి వెళ్ళాడు.

"ముందు నుంచి ఎత్తి లోపలికి తీసుకెళ్దాం మేడమ్, ఎండలో ఎందుకు," అన్నారు ఇంజనీరుగారు.

"వాచ్‌మన్ వచ్చేదాకా ఇక్కడే ఉంటానండి. ఎంతసేపు పట్టిందో అదీ రాయాలి కదా."

టిఫిన్ డబ్బా విప్పి ఆ తలుపు ముందే పులిహోర తిన్నాను. ఆఫీసులోవాళ్ళు ఒక్కొక్కరే కిటికీ దగ్గరికొచ్చి చూసి వెళ్ళారు. రెండు గంటల తర్వాత వాచ్‌మన్ పెళ్ళిబట్టల్లోనే బైకు మీద వచ్చి తాళం తీశాడు. పాపం, అతనిదేం తప్పు లేదు. "మరీ మొండి మేడమ్ మీరు," అన్నారు ఇంజనీరుగారు వ్యానెక్కాక. మొండి కాకపోతే ఈ పనికి పనికిరానండి అన్నాను. ఆయన నవ్వారు. మా ముగ్గురికీ ఆ పాటికి స్నేహం కుదిరింది. అందుకే దివిసీమలో జరిగింది నాకు అంత కష్టమైంది.

దివిసీమ వెళ్ళిన రోజు ఎండ దంచేస్తోంది. అవనిగడ్డ దాటి, నాగాయలంక వైపు కొంత దూరం వెళ్ళి, రోడ్డు వదిలి రొయ్యల చెరువుల గట్ల మీదుగా లోపలికి వెళ్తే వస్తుంది ఆ ఊరు. అక్కడ చూడాల్సింది తుఫాను షెల్టరు. ఉప్పెన నీళ్ళు కింద నుంచి పోయేలా స్తంభాల మీద లేపిన భవనం. జనం తలదాచుకునే గదులన్నీ పైనే. కింద స్తంభాల మధ్యంతా ఖాళీ, ఒక మూల బాత్రూములు. పైకి వెళ్ళడానికి ఒక వైపు మెట్లు, ఒక వైపు ర్యాంపు. వ్యాను ఆగుతూనే ఇంజనీరుగారి మొహం వెలిగిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ షెల్టరు దగ్గరుండి కట్టించింది ఆయనే. "ఎన్ని తుఫాన్లు చూసిందో మేడమ్, ఒక్క పెచ్చు ఊడలేదు," అంటూ స్తంభాన్ని అరచేత్తో తట్టారు. నిజమే, పెచ్చు ఊడలేదు. ఎంతో మంది ప్రాణాలు నిలబెట్టిన భవనం అది.

పడవల సంఘం పెద్దా, మరో పదిమంది మగవాళ్ళూ ఎదురొచ్చారు. ర్యాంపు మీద ఎండబెట్టిన రొయ్యపొట్టు మాకోసం ఊడ్చేశారు గానీ వాసన అలాగే ఉంది. నా నియమం చెప్పాను. టేపు పట్టాం. నేల నుంచి పై గచ్చుకి పన్నెండు అడుగులు. ర్యాంపు పొడవు యాభై.

"నూట నలభై నాలుగు ఉండాలి," అన్నారు మాస్టారు.

ఇంజనీరుగారి మొహంలో వెలుగు పోయింది. "కొలత తప్పని ఒప్పుకుంటాను మాస్టారూ. అప్పుడు ఇచ్చిన స్థలమే ఇంత. కానీ తుఫాను రోజున ఎవరన్నా టేపు పట్టుకుంటారా? నలుగురు కలిసి ఎత్తి పైన పెడతారు. సాయంతో చేరవచ్చు అని రాద్దాం. ఈ ఒక్కదానికీ కాదని మాత్రం నేను సంతకం పెట్టలేను."

"మా ఊళ్ళో ఎవర్నీ కింద వదలం అమ్మగారూ," అన్నాడు సంఘం పెద్ద. "మంచంతో సహా మోసుకుపోతాం. తమరు కాదని రాసి, రేపు దీనికి తాళం ఏస్తే మేమెక్కడికి పోవాలి?"

తాళం వెయ్యరు, బాగు చేస్తారు అని చెప్పాను. ఆయన నమ్మినట్టు కనబడలేదు.

"నన్ను వదిలారుగా," అంది ఒక గొంతు.

స్తంభాల నీడలో ఒకావిడ బేరింగులు బిగించిన చెక్కబండి మీద కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ఇటుకల ట్రాక్టరు మీంచి పడి నడుం విరిగిందని తర్వాత చెప్పింది. ఆ బండిని రెండు చేతులతో నేల మీద తోసుకుంటూ ఊరంతా తిరుగుతుందట.

"నువ్వే కదా తలుపేసుక్కూర్చుంది," అన్నాడు సంఘం పెద్ద, నొచ్చుకుని. "ఎన్నిసార్లు కొట్టామో తలుపు. బతిమాలాం కూడా."

ఆవిడ తల దించుకుంది. మగవాళ్ళని మెట్లు కొలవడానికి పంపించి నేను ఆవిడ పక్కకి వెళ్ళాను. ఎందుకు తలుపేసుకున్నారు పిన్నీ అని అడిగాను. ఎవరూ దగ్గర్లో లేరని చూసుకుని చెప్పింది.

"అంతకుముందు తుఫానుకి ఎత్తుకుపోయి పైన కూచోబెట్టారమ్మా. మంచిగానే చూశారు. కానీ బాత్రూము కింద ఉండె. దిగాలంటే మళ్ళీ ఆళ్ళనే అడగాల. మా మరిదీ, ఆడి స్నేహితులూ. ఎట్టా అడగను? రెండు రోజులు మంచినీళ్ళు ముట్టలా. మూడో రోజు కళ్ళు తిరిగి పడిపోతే, ఆకలికి అనుకున్నారు. అందుకని ఆ తర్వాత తుఫానుకి తలుపు గడియేసుకున్నా. ఇంట్లోకి నీళ్ళొచ్చి మంచం పట్టీల దాకా ఎక్కినయ్యి. మేకపిల్లని ఒళ్ళో పెట్టుకుని మంచం మీదే కూచున్నా. ఈసారి వార్నింగ్ ఇచ్చినా పైకి పోను. పోతే ప్రాణమే పోద్ది, అంతేగా."

ఆవిడ ఆ చివరి మాట కూర ధర చెప్పినంత మామూలుగా అంది. ఇంజనీరుగారితో ఇదే చెప్పండి పిన్నీ, వెంటనే రాస్తారు అన్నాను.

"మగోళ్ళ ముందు ఎట్టా చెప్పనమ్మా? చచ్చినా చెప్పను. నువ్వూ చెప్పమాక."

చెప్పనని మాటిచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను? నేను మాత్రం ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని ఆఫీసుల్లో నీళ్ళ గ్లాసు పక్కకి నెట్టి దాహం లేదని అబద్ధం ఆడలేదు? ఇంట్లోంచి బయల్దేరే రోజున పొద్దున్న కాఫీ కూడా మానేసే మనిషిని నేను. మా జట్టులోనే ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఫారంలో దానికి గడి లేదు.

మూడు సంతకాలు పడకపోతే ఆ షెల్టరు జాబితాలోకి ఎక్కదు. ఎక్కకపోతే ఈసారి గాలి లేచినప్పుడు ఈవిడ మళ్ళీ గడియ వేసుకుంటుంది. ఆవిడ సంగతి చెప్పడానికి లేదు. చెప్పడానికి ఉన్నది నా సంగతి ఒక్కటే. కుర్చీ తోసుకుంటూ ర్యాంపు దగ్గరికి వెళ్ళి, బ్రేకు వేసి, చేతుల మీద బరువు పెట్టి నేల మీదికి దిగాను. మాస్టారూ, టైము చూడండి అన్నాను.

"మేడమ్, ఏం చేస్తున్నారు?" ఇంజనీరుగారు పరుగెత్తుకొచ్చారు. నలుగురు మగవాళ్ళు చేతులు చాచారు.

"ముట్టుకోవద్దు. నేను స్వతంత్రంగా చేరుతున్నాను. ఫారంలో అడిగింది అదే కదండీ."

వీపు ర్యాంపు పై వైపుకి తిప్పి, రెండు చేతులూ వెనక ఆనించి, ఒళ్ళు లేపి ఒక్కో జానెడు పైకి జరగడం మొదలుపెట్టాను. మా ఇంట్లో చిన్నప్పుడు ఇలాగే తిరిగేదాన్ని. గచ్చు కాలిపోతోంది. జారకుండా వేసిన గరుకు గీతలు అరచేతుల్ని చెక్కేశాయి. సగానికి వచ్చేసరికి చుడీదారు వెనక చిరిగింది. చున్నీ లాగి నడుముకి కట్టుకున్నాను. సిగ్గేసింది, ఎందుకెయ్యదు. పదిమంది మగవాళ్ళు చూస్తుండగా కాళ్ళు ఈడ్చుకుంటూ పాకడం ఎవరికి ఇష్టం? కానీ ఆ సిగ్గుని ఆ రోజు వాళ్ళకే ఒప్పజెప్పాలని నిశ్చయించుకున్నాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే గాలిచక్రాల చప్పుడు వినిపిస్తోంది.

పైన గచ్చు మీదికి చేరాక మాస్టారు గడియారం నొక్కారు. ఇరవై ఆరు నిమిషాలు.

మగవాళ్ళు అందరూ పైకి వచ్చారు. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. మొత్తం తాగేశాను. చప్పట్లు కొట్టబోయిన ఒకతన్ని చూస్తే ఆగిపోయాడు. ఊపిరి కుదుటపడ్డాక, బతుకులో ఎప్పుడూ మగవాళ్ళ ముందు అనని మాట గట్టిగా అన్నాను.

"ఇప్పుడు నేను బాత్రూమ్‌కి వెళ్ళాలి."

సంఘం పెద్ద గొంతు సవరించుకుని, "దించుతామమ్మా," అన్నాడు.

"దించి లోపల కూర్చోబెట్టేది కూడా మీరేనా? మళ్ళీ పైకి తెచ్చేది? తుఫాను రెండు రోజులుంటుంది కదండీ. ఆడమనిషి రోజుకి ఎన్నిసార్లు మిమ్మల్ని అడగాలి? పోనీ అడగలేక నీళ్ళు మానేస్తే, ఆ తర్వాత తుఫానుకి తలుపేసుకుని ఇంట్లోనే ఉండిపోతే, అది ఆవిడ మొండితనమంటారా?"

"ఆవిడ" అని నోరు జారానని నాకు ఆ క్షణంలో తెలియలేదు. సంఘం పెద్దకి తెలిసింది. పిట్టగోడ మీంచి కింద నీడలో ఉన్న చెక్కబండి వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. మాట దాదాపు తప్పానని తర్వాత ఆవిడకి చెప్పి క్షమించమన్నాను. "పోన్లే, నీ మీదేసుకునే చెప్పావుగా," అంది.

ఇంజనీరుగారు మెట్టు మీద కూలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఇన్నేళ్ళలో నాకు ఈ ఆలోచనే రాలేదు మేడమ్. సిమెంటు చూసుకున్నాను, ఇనుము చూసుకున్నాను," అన్నారు. ఆయన మీద నాకు జాలి కలిగింది. జాలితో మొహమాటం కూడా వచ్చేలా ఉంది. అందుకని వెంటనే ఫారం ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయనే కాదు దగ్గర టిక్కు పెట్టి, కింద తన చేతి రాతతో "పై అంతస్తులో బాత్రూము అత్యవసరం" అని చేర్చి సంతకం చేశారు. దించమంటారా అని ఎవరూ అడగలేదు. దిగడానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది.

ఆ తర్వాత నెలల తరబడి ఫైలు వెంట తిరిగింది ఇంజనీరుగారే. పై అంతస్తులో బాత్రూము కట్టారు, వెడల్పు తలుపుతో, పట్టుకోవడానికి కడ్డీలతో. ర్యాంపు మాత్రం పరిశీలనలో ఉందన్నారు. ఎప్పుడు ఫోను చేసినా పరిశీలనలోనే ఉంది. అది అలా ఉండగానే సముద్రంలో వాయుగుండం లేచి తుఫాను హెచ్చరిక వచ్చింది. ఆ పొద్దున నాకు ఇంట్లో కాలు నిలవలేదు అనడానికి లేదు గానీ, చెయ్యి నిలవలేదు. ఆవిడ నంబరుకి పదిసార్లు చేశాను. మధ్యాహ్నం అవుతుండగా ఎత్తింది.

"ఎక్కడున్నారు పిన్నీ?"

"పైనే ఉన్నానమ్మా. వాన పడకముందే వచ్చేశా."

"ఎవరు ఎత్తారు?"

"ఎవురూ ఎత్తలా. ముట్టుకోమాకండి అన్నా. నీలాగే ఎనక్కి పాక్కుంటా ఎక్కా. మా మరిదీ వాళ్ళు చేతులు కట్టుకుని ఎనకమాలే నడిచొచ్చారు, పడితే పట్టుకుందామని. ముప్పై ఏడు నిమిషాలంట. చేతులు తోలు లేచినయ్యి." తర్వాత నవ్వుతూ అంది, "మంచినీళ్ళు తాగుతున్నానమ్మా. కడుపు నిండా తాగుతున్నా."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. సంతోషం అనుకుంటాను, అందులో సగానికి పైగా కోపం. సాయంత్రం ఇంజనీరుగారు ఫోను చేశారు. "విన్నారా మేడమ్, ఆవిడ ఒక్కతే ఎక్కేసిందట. ఇంక ర్యాంపు సంగతి కాస్త నిదానంగా..." అని ఉత్సాహంగా మొదలుపెట్టారు. మధ్యలోనే ఆపాను. నడుం విరిగిన మనిషి చేతుల తోలు ఊడేలా పాకి ప్రాణం దక్కించుకుంటే దాన్ని దారి అనరండి అన్నాను. "కొత్త ఫారం రాయండి, నేను సంతకం పెడతాను," అన్నారాయన.

బయట ఈదురుగాలి మొదలైంది. బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకుని ఫారం తీశాను. ఊరు, భవనం, తేదీ రాశాను. టాయిలెట్ ఎక్కడ అన్నచోట పై అంతస్తులో ఉంది అని రాశాను. పైకి చేరడానికి పట్టిన సమయం ముప్పై ఏడు నిమిషాలు. వికలాంగులు ఈ భవనంలోకి స్వతంత్రంగా చేరవచ్చునా అన్న ప్రశ్న దగ్గర, ఆవిడ అప్పటికే పైన కూర్చుని నీళ్ళు తాగుతోందని తెలిసి కూడా, కాదు అనే రాశాను.